మంచు పట్టిన మందు

తోలాఉయో ఊళ్లో చూన్యో లేని ఇల్లు ఒక్కటే ఉంది. అది నర్సమ్మ దామియానాది.

అక్కడ అది చిన్న సంగతి కాదు. జూన్‌లో, అక్కడి చలికాలంలో, మంచు పడటం మొదలు కాగానే ఊరు ఊరంతా చేదు బంగాళాదుంపలను మైదానంలో పరిచి వస్తుంది. రాత్రికి అవి గడ్డకడతాయి. పొద్దెక్కి మెత్తబడ్డాక ఆడా మగా వట్టికాళ్లతో తొక్కి నీళ్లు పిండేస్తారు. నాలుగు రోజులు అలా చేసి ఎండబెడితే చూన్యో తయారవుతుంది. నల్లగా, గట్టిగా, తూకం లేకుండా ఉంటుంది. పదేళ్లు మూటలో పడేసినా పురుగు ముట్టదు. పంట పోయిన ఏడాది ఊరి ప్రాణం నిలబెట్టేది అదే. అలాంటి ఊళ్లో దామియానా చుకిచాంబి పన్నెండేళ్లుగా చూన్యో తొక్కలేదు, వండలేదు, ఎవరైనా పెడితే తినలేదు. ఎందుకని ఎవరూ అడగరు. అందరికీ తెలుసు.

దామియానా తల్లి చూన్యో తొక్కడంలో పేరు మోసిన మనిషి. ఆవిడ సాయంత్రం గడప దగ్గర నిలబడి గాలి పీల్చి, ఆ రాత్రి మంచు పడుతుందో లేదో చెప్పేసేది. ఆవిడ మాట విని ఊరు దుంపలు పరిచేది. ఆ తల్లి పెంపకంలో దామియానాకు మంచు మీద నమ్మకం పాలతో పాటే అబ్బింది. ఎండ కుళ్లబెడుతుంది, మంచు కాపాడుతుంది. ఆ మైదానం మీద పుట్టిన ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు.

ఇరవై రెండేళ్ల వయసులో పట్నంలో ఆరు నెలల నర్సు శిక్షణ పొంది వచ్చింది. చుట్టుపక్కల పదకొండు పల్లెలకు తనొక్కతే దిక్కు. పెళ్లి చేసుకుంది, మొగుడు గనిలో పని చేసి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, పిల్లలు కలగలేదు. మిగిలింది ఆరోగ్య కేంద్రం, అందులోని కిరసనాయిలు ఫ్రిజ్. కింద చిన్న దీపం వెలుగుతుంటే పైన చల్లబడే పాతకాలపు పెట్టె అది. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు తిరిగితే మసి పట్టి పెట్టె వేడెక్కుతుంది. అందుకని దామియానా రోజుకు రెండుసార్లు నేల మీద బోర్లా పడుకుని, చెంప మట్టికి ఆనించి, ఆ మంటను చూసేది. పంతొమ్మిదేళ్లు అలా చూసింది. ఒక్క టీకా పాడు కానివ్వలేదు. ఆ గర్వం ఆమెకు ఉండేది, ఉండాల్సిందే.

కరెంటు తీగ వచ్చిన ఏడాది ఆ గర్వమే ఆమెను ముంచింది.

కొత్త ఫ్రిజ్ కొనుక్కోమని పురపాలక కార్యాలయం వాళ్లు సొమ్ము మంజూరు చేశారు. ఊరిపెద్ద కాసియానో, దామియానా కలిసి జిల్లా టీకాల గిడ్డంగికి వెళ్లారు. గిడ్డంగి గుమస్తా లోయ ప్రాంతం మనిషి, చలికి రెండు స్వెట్టర్లు తొడుక్కుని ఉన్నాడు. వాళ్లకు రెండు ఫ్రిజ్‌లు చూపించాడు. ఒకటి పొట్టిగా, అడ్డంగా, పైన మూత ఉన్న పెట్టె. బయటికి ఎంతో లావుగా కనిపిస్తుంది గానీ మూత తీస్తే లోపల చోటు కొంచెమే. రెండోది నిలువెత్తు తెల్లటి ఫ్రిజ్, రెండు తలుపులు, తెరవగానే లోపల దీపం.

"ఇదేంటయ్యా, శవపేటికలాగా?" అంది దామియానా పొట్టిదాన్ని చూసి.

"టీకాల కోసమే చేసిన పెట్టె అక్కా ఇది. గోడలు చూడు, ఎంత మందమో. ఆ గోడల్లో చుట్టూరా నీళ్లున్నాయి. చలి మరీ ముదిరితే ముందు ఆ నీళ్లు గడ్డకడతాయి, మందు దాకా రానివ్వవు. రెండు డిగ్రీల నుంచి ఎనిమిది దాకా, అంతే. ఎక్కువ కాకూడదు, తక్కువా కాకూడదు."

"మరి ఆ పెద్దదో?"

"అది ఇళ్లల్లో వాడుకునేది. మాంసానికీ, కూల్‌డ్రింకులకీ. పై అరలో మంచు పేరుకుంటుంది, ఆ చలి కిందికి దిగి కింది అరలూ గడ్డకడతాయి. మీ ఊరి చలికి అస్సలు పనికిరాదు."

దామియానా కాసియానో వైపు తిరిగింది. "విన్నావా? మందుకి చలి ఎక్కువై చెడిపోతుందట!"

కాసియానో పొట్ట పట్టుకుని నవ్వాడు. "నిమ్మకాయలు పండించుకునేవాళ్లు, వీళ్లొచ్చి మనకి మంచు సంగతి చెప్పాలి!"

"నా మాట నేను చెప్పాను," అన్నాడు గుమస్తా, మొహం ముడుచుకుని. "సంతకం మీది. తర్వాత మీ ఇష్టం."

కాసియానో నవ్వు ఆపి అడిగాడు. "నువ్వే చెప్పు దామియానా. చిన్నది తీసుకెళ్తే ఊళ్లో నవ్వుతారు, అది వేరే సంగతి. పంతొమ్మిదేళ్లు చూసుకున్నదానివి. ఏది?"

ఆమెకు శిక్షణలో చెప్పిన పాఠం గుర్తొచ్చింది. పోలియో చుక్కలను మంచులో పెట్టినా ఏమీ కాదని, పైగా మంచిదని చెప్పారు. ఒక మందుకు మంచిదైనది ఇంకో మందుకు ఎందుకు చెడ్డదవుతుంది? అమ్మ మూటల్లో పదేళ్ల నాటి చూన్యో గుర్తొచ్చింది. పెద్దదాని మీద చెయ్యి వేసి, "ఇది," అంది.

ఆ ఒక్క మాట ఆమె నోటినుంచే వచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు.

పెద్ద ఫ్రిజ్ ఊళ్లోకి వచ్చిన రోజు దానికి రంగు కాగితాల దండలు కట్టి, నేలతల్లికని మద్యం చిలకరించి, అందరూ తలా ఒకసారి తలుపు తెరిచి దీపం వెలగడం చూసి వెళ్లారు. దామియానా చలి మీటను చిట్టచివరి అంకె మీద పెట్టింది. వారం తిరక్కుండా థర్మామీటర్ సున్నా కింద నాలుగుకు దిగింది. కోరింత దగ్గు టీకా సీసాలు లోపల రాళ్లలా బిగుసుకున్నాయి. ఆమె వాటిని చూసి సంతోషపడింది. సూది వేసే రోజున సీసాను చంకలో పెట్టుకుని కరిగించేది. కరిగాక చూస్తే మామూలు మందులాగే తెల్లగా ఉండేది. పిల్లల తొడలు అంతకు ముందుకంటే ఎక్కువ వాచి, గట్టిగా గడ్డలు కట్టేవి.

"ఈసారి మందు గట్టిదే పిన్నీ, రెండు రోజులు ఒకటే ఏడుపు," అనేవాళ్లు తల్లులు.

"గట్టిదైతే మంచిదే కదమ్మా," అనేది దామియానా.

ఒక మాట చెప్పాలి. ఆమె ఏదీ దాచలేదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, థర్మామీటర్ చూసి ఉన్నది ఉన్నట్టు కాగితంలో రాసింది. మైనస్ నాలుగు, మైనస్ మూడు, మైనస్ అయిదు. నెలాఖరున ఆ కాగితం జిల్లాకు పంపింది. అక్కడ దాని మీద ముద్ర వేసి నకలు వెనక్కి పంపారు. పదిహేను నెలల్లో పదిహేను కాగితాలు, పదిహేను ముద్రలు. ముద్ర వేసే చేతికి పైన రెండు కళ్లు కూడా ఉంటాయి కదా, వాటిని దేనికి వాడారో ఆ దేవుడికే తెలియాలి.

మరుసటి ఏడాది ఆగస్టులో దగ్గు మొదలైంది.

పెద్ద పిల్లలు తట్టుకున్నారు. చంటిపిల్లలు తట్టుకోలేదు. ఊపిరి తీసుకోవడానికి సందు లేకుండా దగ్గి దగ్గి, మొహం నీలంగా మారి, చివర్లో కోడి గొంతు లాంటి చప్పుడు చేసి వాలిపోయేవాళ్లు. మళ్లీ లేచి మళ్లీ అదే. మూడు వారాల్లో ముగ్గురు పోయారు. ఇద్దరు పక్క పల్లెల వాళ్లు. మూడోవాడు తోలాఉయోలోనే, ఏడు నెలల ఎలోయ్. బసీలియా కొడుకు. బసీలియాకు అప్పటికి పంతొమ్మిదేళ్లు, వేరే ఊరి నుంచి కోడలుగా వచ్చి రెండేళ్లు.

మనుషులు పోయినప్పుడు ఊరికి ఒక కారణం కావాలి. బసీలియా రూపంలో అది దొరికింది. జూలైలో ఆమె జున్ను అమ్ముకోవడానికి ఒరూరో పట్నం సంతకు వెళ్లింది. దాంతో ఎలోయ్‌కి మూడో సూది తప్పింది. టీకా కార్డులో ఒక గడి ఖాళీగా ఉంది. పైగా దగ్గును పట్నం నుంచి మోసుకొచ్చింది కూడా తనేనట.

"సంతకి పోయి జున్ను అమ్మింది, కొడుకుని అమ్ముకుంది," అని అత్త వాకిట్లో నిలబడి అందరూ వినేలా అంది. బసీలియా బట్టల మూట కట్టి గుమ్మం బయట పెట్టింది. ఆదివారం సభలో ఊరి అనుమతి తీసుకుని ఆమెను పుట్టింటికి పంపేయాలని నిర్ణయం.

శుక్రవారం జిల్లా నుంచి డాక్టర్ ఉర్కిదీ వచ్చాడు. దగ్గుతున్న పిల్లల గొంతుల్లోంచి దూది పుల్లలతో నమూనాలు తీసి చిన్న గొట్టాల్లో పెట్టాడు. తన చల్లపెట్టె టీకాలతో నిండి ఉండటంతో, ఆ గొట్టాలను కాసేపు చల్లగా ఉంచుదామని ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ తెరిచాడు. అలాగే నిలబడిపోయాడు.

"దోన్యా దామియానా," అన్నాడు పట్నం మర్యాదతో, "ఈ సీసాలు ఎప్పటినుంచి ఇలా గడ్డకట్టి ఉన్నాయి?"

"ఫ్రిజ్ వచ్చినప్పటినుంచీ డాక్టర్ గారూ. ఒక్కరోజు కూడా కరగనివ్వలేదు," అంది ఆమె, మెచ్చుకుంటాడనుకుని.

డాక్టర్ ఫ్రిజ్‌లోకి చెయ్యి పెట్టాడు. ఒక సీసా తీసి అరచేతుల మధ్య కరిగించాడు. తను తెచ్చిన చల్లపెట్టెలోంచి అదే మందు ఇంకో సీసా తీశాడు. రెండింటినీ గట్టిగా ఊపి, కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టాడు. "కూర్చోండి. చూడండి," అన్నాడు.

ఇద్దరూ కూర్చుని చూశారు. అరగంట గడిచింది. డాక్టర్ తెచ్చిన సీసాలో మందు పలుచటి పాలలాగా అలాగే ఉంది. ఆమె సీసాలో తెల్లటి రేకులు ఒక్కొక్కటే కిందికి దిగి అడుగున పేరుకున్నాయి. పైన వట్టి నీళ్లు తేలాయి.

"ఇది చచ్చిపోయిన మందు," అన్నాడు డాక్టర్. "మంచు పడితే ఈ టీకా చచ్చిపోతుంది. మీరు పదిహేను నెలలు పిల్లలకి నీళ్లు ఎక్కించారు."

"మంచు దేన్నీ పాడు చెయ్యదు డాక్టర్ గారూ. మా చూన్యో..."

"చూన్యో!" అతను విసుగ్గా లేచాడు. "చూన్యోని నాటితే మొలకెత్తుతుందా దోన్యా?"

దామియానా సీసా అడుగున పేరుకున్న రేకుల వంక చూసింది.

మొలకెత్తదు. ఎలా మొలకెత్తుతుంది? ఇంట్లో దుంపలు రెండు చోట్ల ఉండేవి. తినేవాటిని అమ్మ మంచులో పరిచేది. నాటేవాటిని మాత్రం గదిలో, గడ్డి పరిచి, పైన గడ్డి కప్పి, ఆ పైన తను కప్పుకునే దుప్పటి కూడా కప్పేది. చలి రాత్రుల్లో అమ్మ వణుకుతూ పడుకునేది గానీ విత్తనం మీది దుప్పటి తీసేది కాదు. ఇదంతా దామియానాకు తెలుసు. నలభై ఏళ్లుగా తెలుసు. బిడ్డ ఒంట్లోకి వెళ్లి పని చేయాల్సిన మందు తిండి లాంటిదా, విత్తనం లాంటిదా అని తనను తాను ఒక్కసారి ప్రశ్నించుకుంటే సరిపోయేది. ప్రశ్నించుకోలేదు. లోయ మనిషిని చూసి నవ్వింది.

డాక్టర్ చాలాసేపు అటూ ఇటూ తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఈ సంగతి ఈ గదిలోనే ఉండనివ్వండి. నేను మంచి సీసాలు, మంచి పెట్టె పంపిస్తాను. బలం సూది అని చెప్పి అందరికీ మళ్లీ వేద్దాం. నిజం చెబితే ఏమవుతుందో తెలుసా? పదకొండు పల్లెల్లో ఒక్క తల్లి కూడా బిడ్డని తీసుకురాదు. అప్పుడు ఇంకా పోతారు."

"మరి బసీలియా?"

"ఆ అమ్మాయి మూడో సూది ఎగ్గొట్టిన మాట నిజమే కదా."

"మిగతా ఇద్దరికీ మూడేసి వేశాను. వాళ్ల కార్డులు ఎవరూ చూడలేదు."

"చూడరు," అన్నాడు డాక్టర్. దుర్మార్గుడు కాదు, అలసిపోయిన మనిషి. కానీ పదిహేను ముద్రల్లో కొన్ని అతని బల్ల మీదే పడ్డాయి. అది అతనికి గుర్తుందో లేదో దామియానా అడగలేదు.

శనివారం మధ్యాహ్నం బసీలియా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. తాగే బిడ్డ లేక పాలు కారి రవిక ముందు భాగం తడిసి ఉంది. చేతిలో టీకా కార్డు. ఏడవడం లేదు.

"పిన్నీ, నాకు చదువు రాదు. ఈ ఖాళీ గడి వల్లనేనా వాడు పోయింది? ఇది నిండితే బతికేవాడా?"

దామియానా ఆ గడి వంక చూసింది. దాని పక్కన తన చేతి రాతతో నిండిన రెండు గడులు. ఆ నిండినవి కూడా ఖాళీవే. కాదు అని ఒక్క మాట అంటే చాలు. భయం వేసింది, నిజంగా భయం వేసింది. ఊళ్లో ఇన్నేళ్ల మర్యాద, పదకొండు పల్లెల్లో 'మా నర్సమ్మ' అన్న పిలుపు, అంతా ఆ పిల్ల చేతిలోని అట్టముక్క మీద ఉంది.

"రేపు సభకి రా," అంది చివరికి.

"నా మూట తెచ్చుకునే వస్తాను," అంది బసీలియా.

ఆదివారం ఉదయం బడి ఆవరణలో సభ కూడింది. మగవాళ్లు గోడవార, ఆడవాళ్లు నేల మీద, మధ్యలో అందరూ నమలడానికి కోకా ఆకులు పోసిన గుడ్డ. కాసియానో లేచి బసీలియా సంగతి ఎత్తబోతుంటే దామియానా ముందుకు వచ్చి, శాలువా ముడి విప్పి, గుడ్డ మీద రెండు పెట్టింది. ఒకటి చూన్యో, ఒకటి విత్తనపు దుంప. పక్కన రేకులు దిగిన సీసా నిలబెట్టింది.

"ఇది తినేది. ఇది నాటేది," అంది. "రెండిట్నీ మంచులో పెడితే ఏమవుద్దో మీకు నేను చెప్పక్కర్లేదు. టీకా విత్తనం లాంటిది. నేను విత్తనాన్ని చూన్యో చేశాను. పదిహేను నెలలు. మీ పిల్లలకి వేసింది ఒట్టి నీళ్లు. బసీలియా మూడో సూది వేయించినా ఎలోయ్ బతికేవాడు కాదు. దగ్గు ఆమె తెచ్చిందో గాలి తెచ్చిందో నాకు తెలీదు. ఆపాల్సిన మందుని చంపింది మాత్రం నేను."

ఎవరూ వివరం అడగలేదు. ఆ ఊళ్లో ఆ మాట అర్థం కానివాళ్లు లేరు. కాసియానో టోపీ తీసి, "ఆ ఫ్రిజ్ ఎంచుకున్న రోజు నేనూ పక్కనే ఉన్నాను. నవ్వాను కూడా," అని కూర్చున్నాడు. అతని నుంచి అంత మాట ఎవరూ ఎదురుచూడలేదు.

పక్క పల్లె నుంచి వచ్చిన ఒక తండ్రి లేచాడు. "నా కూతురికి మూడు సూదులూ వేయించాను. మూడుసార్లూ మంచులో నడిచొచ్చాను. మూడూ నువ్వే వేశావు."

"నేనే వేశాను," అంది దామియానా.

"ఏడ్చినప్పుడల్లా మంచిదే అన్నావు."

"అన్నాను."

అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

బసీలియా మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అత్త వచ్చి ఆ మూట తీసుకోబోయింది. బసీలియా ఇవ్వలేదు. తనే మోసుకుంటూ ఇంటికి నడిచింది. దామియానా వైపు చూడలేదు.

దామియానా ఆరోగ్య కేంద్రం తాళాలు గుడ్డ మీద పెట్టింది. సభలో అందరికంటే పెద్దావిడ, నడుము వంగిన ముసలమ్మ, కర్రతో ఆ తాళాలను వెనక్కి నెట్టింది.

"తీసుకో. పట్నం పోయి హాయిగా దాక్కుందామనుకున్నావా? నీకు అంత సుఖం ఎవరిస్తారే? ఇక్కడే ఉండు. ఇకమీదట సూది వేసే ప్రతిసారీ ఆ బుడ్డి మా కళ్ల ముందు ఊపి పెట్టు. అది దిగుతుందో లేదో మేం చూస్తాం. మేం వెయ్యమంటే వెయ్యి. లేదంటే లేదు."

సభ ఔనంది. శిక్ష అదే.

డాక్టర్ చెప్పింది అబద్ధం కాలేదు. ఏడాదిపాటు సగం మంది తల్లులు రాలేదు. మందపాటి గోడల పొట్టి పెట్టె వచ్చింది, మంచి సీసాలు వచ్చాయి, తెల్ల ఫ్రిజ్ పురపాలక కార్యాలయంలో కూల్‌డ్రింకులకు వెళ్లిపోయింది. అయినా రాలేదు. దామియానా చల్లపెట్టె భుజాన వేసుకుని గడప గడపకూ తిరిగింది. కొన్ని ఇళ్లవాళ్లు ఆమెను చూసి కుక్కలను వదిలారు. మరుసటి చలికాలం చివర్లో, తలుపు తీయని ఒక ఇంట్లో, దగ్గుతో ఇంకో పాప పోయింది. అది నిజం చెప్పినందుకు పోయిందా, అంతకు ముందు చేసినదానికి పోయిందా అన్నది దామియానా ఇప్పటికీ తేల్చుకోలేదు. నాలుగో పేరుగా లెక్కలో వేసుకుంది.

రెండేళ్ల తర్వాత ఒక మంగళవారం ఉదయం బసీలియా వచ్చింది. వీపున రంగుల దుప్పటిలో రెండు నెలల ఆడపిల్ల. సభ రోజు తర్వాత ఆమె దామియానాతో ఒక్క మాట మాట్లాడలేదు.

"ఊపు," అంది.

దామియానా సీసా తీసి ఊపింది. పోల్చి చూడటానికని కావాలని మంచులో గడ్డకట్టించి కరిగించిన పాత సీసా ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటుంది. దాన్నీ ఊపింది. రెండింటినీ కిటికీ గట్టు మీద పెట్టింది. బసీలియా కిటికీకి ఎదురుగా కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. అరగంట గడిచింది. పాత సీసాలో రేకులు దిగాయి. కొత్తది పాలలాగా అలాగే ఉంది.

బసీలియా లేచి, రేకులు దిగిన సీసాను చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ఎలోయ్‌కి వేసింది ఇలా ఉండేదా?"

"ఇలాగే."

"అప్పుడు ఊపి చూసుంటే కనపడేదా?"

"కనపడేది."

"అరగంటలో?"

"అరగంటలో."

బసీలియా సీసాను మళ్లీ గట్టు మీద పెట్టింది. కూర్చుంది. కూతురి తొడ మీద గుడ్డ తొలగించి, బిడ్డ కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"వెయ్యి పిన్నీ," అంది.